ముగ్గురిని అడిగితే మూడు మాటలు చెప్పారు. అసలు ఎక్స్‌పర్ట్ అని ఎవరిని అనాలి?

గట్టుమీద_రైతు
మాది ఇందుకూరుపేట వైపు. రెండెకరాల వనామీ రొయ్యల చెరువు. సీడ్ (రొయ్య పిల్లలు) వేసి 62 రోజులైంది. మొదటి 35 రోజులు బాగానే పెరిగాయి, ఆ తర్వాత ఎదుగుదల ఆగిపోయింది. వల వేసి చూస్తే కౌంట్ (కిలోకి తూగే రొయ్యలు) 150 వస్తోంది, ఈపాటికి 90 లోపు ఉండాలి. ఒకే వలలో వేలంత రొయ్య ఒకటి, దాని పక్కనే అగ్గిపుల్లంతది ఒకటి. చావులు మాత్రం పెద్దగా లేవు.

ముగ్గురిని అడిగాను. మేత కంపెనీ తరఫున వచ్చే టెక్నీషియన్ కుర్రాడు చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) పైకి లేపీ లేపకముందే "గట్ ప్రాబ్లం, మినరల్స్ తగ్గాయి" అని చీటీ రాసిచ్చాడు. మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా రొయ్యలే పెంచుతున్న పెదనాన్న వరస ఆయన గట్టు చుట్టూ తిరిగి, నీళ్లు దోసిట్లోకి తీసుకుని చూసి, "నీరు ముదిరింది. తెల్లవారుజామున వీటికి గాలి అందడం లేదు, నీళ్లు మార్చు" అన్నాడు. మూడో ఆయన ఫిషరీస్ చదువుకుని సొంతంగా సలహాలు ఇస్తుంటాడు. అరగంట చూసి "ఇది కంటితో చూసి చెప్పేది కాదు. నాకు తెలియడం లేదు. ల్యాబ్‌కి పంపండి" అన్నాడు.

నేను మొదటివాడి మాట విన్నాను. అతను గడగడా చెప్పాడు. మూడో ఆయనకు 500 ఇచ్చి "తెలియదు" అనిపించుకున్నానే అని బాధేసింది. పదిహేను రోజుల్లో మందులకే లక్షా పాతికవేలు అయింది. కౌంట్ 150 దగ్గరే ఉంది.

మందు ఏది వాడాలని అడగడం లేదు. నా ప్రశ్న వేరు. ఎక్స్‌పర్ట్ అంటే ఎవరు? చదివినవాడా, చేసినవాడా, ధైర్యంగా చెప్పేవాడా? నాలాంటి వాడు గట్టు మీద నిలబడి ఎలా గుర్తుపట్టాలి?

అల్లూరు_తమ్ముడు
ఆ చీటీలో రాసిన మందులు అమ్ముడుపోతే అతనికి ఏమైనా వస్తుందా అన్నా? ముందు అది తెలుసుకో.

గట్టుమీద_రైతు
వస్తుందనే అనుకుంటున్నా. అంతమాత్రాన చెప్పింది తప్పని ఎలా అంటాం తమ్ముడూ. డాక్టరుకు కూడా ఫీజు ఇస్తాం కదా.

అల్లూరు_తమ్ముడు
డాక్టరుకు నువ్వు ఇచ్చేది చూసినందుకు. ఇతనికి వచ్చేది అమ్మినందుకు. జబ్బు లేదని చెబితే డాక్టరుకు ఫీజు పోదు. ఇతనికి పోతుంది.

టైగర్_కాలం
నేను టైగర్ రొయ్య రోజుల నుంచి ఈ పనిలో ఉన్నా. అప్పుడు మన తీరంలో చెరువు తవ్వినవాడికల్లా డబ్బే. 1994 చివర్లో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చింది. పొద్దున బాగున్న చెరువు మూడో రోజుకి తేలిపోయేది. నేను రెండు చెరువులు పోగొట్టుకున్నా. అప్పుడు దాని పేరేంటో మాకు చెప్పినవాడు లేడు. చదువుకున్నవాళ్లు వచ్చేవాళ్లు, సీసాల్లో నీళ్లు పట్టుకుపోయేవాళ్లు, మళ్లీ కనిపించేవాళ్లు కాదు. మేం గట్టు మీదే పడుకుని నేర్చుకున్నాం. ఒక మూల కొంగలు దిగడం ఎక్కువైతే అక్కడ రొయ్య నీరసపడి ఒడ్డుకు వస్తోందని అర్థం. ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఆగిన అర్ధరాత్రి నిద్రలో ఉన్నా ఆ చప్పుడు తేడాకే మెలకువ వస్తుంది. ఇవన్నీ ఏ కాలేజీలో చెబుతారు?

మీ పెదనాన్న దోసిట్లో నీళ్లు చూసి చెప్పాడంటే ఊరికే చెప్పడు అబ్బాయ్. ఆయన చెయ్యి ముప్పై ఏళ్లు ఆ నీళ్లలో ఉంది.

ఒక్క సంగతి నువ్వు రాయలేదు. నీ సీడ్ తెచ్చిన హేచరీ (పిల్లల్ని పుట్టించి అమ్మే చోటు) నుంచే ఇంకెవరెవరు తెచ్చారు? వాళ్ల చెరువులు ఎలా ఉన్నాయి?

గట్టుమీద_రైతు
అది ఎవరూ అడగలేదు సార్. నాకూ తోచలేదు. కనుక్కుంటాను.

ల్యాబ్_అక్క
టైగర్_కాలం గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. నేను పదకొండేళ్లుగా ఆక్వా ల్యాబ్‌లో పరీక్షలు చేస్తున్నా. కానీ ఇక్కడ ఆయనతో ఒప్పుకోలేను. చావులు లేకుండా ఎదుగుదల ఆగి, సైజుల్లో ఇంత తేడా వస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఈహెచ్‌పీ. అదొక సూక్ష్మజీవి, రొయ్య తలలో ఉండే హెపటోపాంక్రియాస్‌లో చేరుతుంది. తిన్నది ఒంటికి పట్టనివ్వదు. పైకి గుర్తులు కనిపించవు. కొన్నిసార్లు తెల్ల రెట్ట తేలుతుంది, అది వేరే కారణాలకీ వస్తుంది. పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్ష చేస్తేనే తేలుతుంది. ముప్పై ఏళ్ల చెయ్యి అయినా, నా కళ్లయినా దీన్ని చూడలేవు.

అందుకే మీరు 500 ఇచ్చి "తెలియదు" అనిపించుకున్నానని బాధపడుతున్న ఆయన దగ్గరే మీకు అసలు పని జరిగింది. ముగ్గురిలో ఈ జబ్బు కంటికి కనపడేది కాదని తెలిసినవాడు ఆయన ఒక్కడే.

టైగర్_కాలం
అంటే నీళ్లలో తేడా లేదంటావా అమ్మాయ్? ఆయన చెప్పిన గాలి సమస్య అబద్ధమా?

ల్యాబ్_అక్క
అబద్ధమని అనలేదండీ. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 4 పీపీఎం కంటే తగ్గితే రొయ్యకు కష్టమే, మేత తినదు. అదీ ఉండొచ్చు, ఇదీ ఉండొచ్చు. కొలిస్తే తెలుస్తుంది కదా. నాలుగు గంటలకు మీటర్ పెట్టి చూసిన అంకె ఒక్కటి కూడా ఇక్కడ ఎవరూ రాయలేదు.

కాకుటూరు_లెక్చరర్
నేను సైకాలజీ చెబుతాను. టైగర్_కాలం గారూ, ల్యాబ్_అక్క గారూ ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకు అనిపిస్తోంది. ఎలాగో రాస్తాను, కాస్త పొడవవుతుంది.

1973లో అమెరికాలో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు చదరంగం మీద ఒక ప్రయోగం చేశారు. నిజమైన ఆట మధ్యలో ఉన్న బోర్డును ఐదు సెకన్లు చూపించి తీసేసి, పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో మళ్లీ పెట్టమన్నారు. మాస్టర్ స్థాయి ఆటగాడు చాలావరకు పెట్టేశాడు, కొత్తవాడు కొన్నే పెట్టగలిగాడు. తర్వాత పావుల్ని ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూపించారు. అప్పుడు మాస్టర్ కూడా కొత్తవాడితో సమానమైపోయాడు. ఆయన జ్ఞాపకశక్తి మనకంటే గొప్పది కాదు. వేల ఆటల్లో మళ్లీ మళ్లీ ఎదురైన అమరికల్ని గుర్తుపడుతున్నాడు, అంతే.

పెదనాన్న గారు నీళ్లలో చూసేది అలాంటి అమరికే. నీటి రంగు, కొంగలు, ఏరియేటర్ చప్పుడు. ఆయన చేతికి తెలిసిన ఆటలో ఆయనే మాస్టర్. టైగర్ పోయి 2009 తర్వాత వనామీ వచ్చింది, దాంతోపాటు కొత్త జబ్బులూ వచ్చాయి. కంటికి గుర్తే ఇవ్వని జబ్బు ముందు పాత అమరికలు పనికిరావు. చెదరగొట్టిన బోర్డు అది.

నెల్లూరు_డ్రైవర్
పది వేల గంటలు చేస్తే ఎవరైనా ఎక్స్‌పర్ట్ అవుతారని విన్నా. నేను 19 ఏళ్లుగా లారీ నడుపుతున్నా, లెక్కేస్తే అంతకు చాలా ఎక్కువే. కానీ ఐదో ఏట ఎలా నడిపానో ఇప్పుడూ అలాగే నడుపుతున్నా. పోయినేడు ఘాట్ రోడ్ ట్రైనింగ్ ఇచ్చినప్పుడు తెలిసింది, దిగేటప్పుడు గేరు విషయంలో నేను ఇన్నాళ్లూ తప్పే చేస్తున్నానని.

కాకుటూరు_లెక్చరర్
చాలా మంచి మాట చెప్పారు డ్రైవర్ గారూ. ఆ పది వేలు ఎక్కడిదంటే, 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఇంకో ఇద్దరు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద రాసిన పేపర్‌లోది. అందరికంటే బాగా వాయించే బృందం ఇరవై ఏళ్ల వయసుకి సగటున అన్ని గంటలు ఒంటరిగా సాధన చేసి ఉన్నారు. సగటు అది. కొందరు తక్కువ, కొందరు ఎక్కువ. జనం దాన్ని గీతలా పట్టుకున్నారు, ఎరిక్సన్ గారే అది సరికాదని తర్వాత చెప్పారు. గంటలు కాదు ముఖ్యం, ఆ గంటల్లో చేసింది ముఖ్యం. తప్పు ఎక్కడ పడుతోందో పట్టుకుని, ఆ ముక్కనే దిద్దుకుంటూ పోవడం. మీకు ఆ ట్రైనింగ్‌లో జరిగింది అదే.

కొండపి_బ్యారన్
మా నాయన గురించి చెప్పాలి. వర్జీనియా పొగాకు క్యూరింగ్‌లో మా చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. బ్యారన్‌లో (ఆకును వేడితో ఎండబెట్టే గది) మొదట 95, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆకు పసుపు రంగుకు రావాలి. తర్వాత వేడి పెంచుతూ రంగు నిలబెట్టాలి. ఆ సమయంలో తేమ బయటికి పోయేలా కిటికీలు తెరవాలి. ముందు తెరిస్తే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యమైతే గోధుమ రంగుకు తిరుగుతుంది, ధర పోతుంది. ఆఖరికి ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళ్లాలి. మొత్తం ఐదారు రోజులు. థర్మామీటర్ అందరి బ్యారన్లలోనూ ఒకటే ఉంటుంది. మా నాయన మాత్రం తలుపు కాస్త తెరిచి, ముఖం దగ్గర పెట్టి వాసన చూసి "ఇంకో రెండు గంటలు" అనేవాడు. రెండు గంటలే.

నేను రాయాలనుకున్నది ఆయన గొప్పతనం కాదు. ఆయన పట్టిన ఆకు కొన్ని వారాల్లో వేలం ప్లాట్‌ఫారం మీదికి వెళ్లేది. బేలు విప్పి, కొనేవాళ్లు ఆకు నలిపి చూసి, గ్రేడు, రేటు అందరి ముందూ చెప్పేవాళ్లు. తప్పు చేస్తే ఆ సీజన్‌లోనే తెలిసిపోయేది. సీజన్‌కి అన్ని బ్యారన్లు, అన్ని సార్లు తీర్పు. పైన లెక్చరర్ గారు చెప్పిన దిద్దుకోవడం మాకు అలా జరిగింది.

ఇంకోటి. నాయన నాకు నేర్పలేకపోయాడు. ఎంత అడిగినా "చూడు, నీకే తెలుస్తుంది" అనేవాడు. మా చిన్నాన్న ఆయనంత పనిమంతుడు కాదు గానీ, నాకు నేర్పింది చిన్నాన్నే. ఏ గంటకి ఏం మారుతుందో పుస్తకంలో రాసి మరీ చెప్పాడు.

కనిగిరి_మెట్ట
పొగాకుకి ప్లాట్‌ఫారం ఉంది. మా బోర్లకి లేదు. మా కనిగిరి వైపు నీళ్లు దొరకడమే కష్టం, దొరికినా ఫ్లోరైడ్. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా నడిచి "ఇక్కడ" అని చూపించే ఆయన మాకు పెద్ద ఎక్స్‌పర్ట్. ఆయన చూపిన చోట మూడు వేశాను. మొదటిది పడింది. మిగతా రెండూ దుమ్మే వచ్చింది. కానీ ఊళ్లో ఎవరినడిగినా ఆ పడిన బోరు కథే చెబుతారు, పడని రెండింటి గురించి నేను కూడా చెప్పుకోలేదు. ఎక్కడ లోపముందో అడిగితే "బోరు బండివాడు ఒక అడుగు పక్కన దింపాడు" అన్నాడు. నాలుగోది రెసిస్టివిటీ సర్వే (భూమిలోకి కరెంటు పంపి నీటి జాడ చూసేది) చేయించి వేశా. చదువుకున్నాయనే వచ్చాడు. అదీ పడలేదు.

ఇప్పుడు చెప్పండి ఎవరు ఎక్స్‌పర్ట్?

అల్లూరు_తమ్ముడు
అయితే కొబ్బరికాయ ఆయన మూడింటిలో ఒకటి, చదువుకున్నాయన ఒకదానిలో సున్నా. కొబ్బరికాయే గెలిచింది కదా!

కనిగిరి_మెట్ట
నవ్వొచ్చేలా ఉన్నా అప్పు నాది తమ్ముడూ. కానీ తేడా ఒకటి ఉంది. సర్వే ఆయన ముందే చెప్పాడు, "రాయి పగుళ్లలో ఉండే నీళ్లు, పడే అవకాశం సగమే, ఇష్టమైతేనే వేయండి" అని. పడకపోయాక వచ్చి, ఎన్ని అడుగుల దగ్గర ఏ రాయి తగిలిందో అడిగి రాసుకుని వెళ్లాడు. కొబ్బరికాయ ఆయన ఏ బోరు దగ్గరికీ తిరిగి రాలేదు.

కాకుటూరు_లెక్చరర్
కనిగిరి గారు రాసింది చదివి ఆగలేక మళ్లీ రాస్తున్నా. డేనియల్ కానమన్ అనే ఆయన నిపుణుల అంచనాల్ని అనుమానించేవారు. గ్యారీ క్లైన్ అనే ఆయన మంటలార్పే ఆఫీసర్ల మీద పరిశోధించి, అనుభవజ్ఞుల అంచనాని నమ్మేవారు. ఇద్దరూ కలిసి కూర్చుని 2009లో ఒక పేపర్ రాశారు. వాళ్లు ఒప్పుకున్నది ఏమిటంటే, అనుభవం నుంచి వచ్చే ఊహని నమ్మాలంటే రెండు ఉండాలి. ఆ పనిలో ఒక క్రమం ఉండాలి. తన ఊహ తప్పో ఒప్పో మనిషికి తెలిసి నేర్చుకునే అవకాశం ఉండాలి. బ్యారన్‌లో రెండూ ఉన్నాయి. కొబ్బరికాయకి రెండోది లేదు, ఆయన తిరిగి రాడు కాబట్టి. మొదటిది కూడా లేదనే నా అభిప్రాయం.

టైగర్_కాలం
మరి నాకు రెండోది ఉంది కదా లెక్చరర్ గారూ. పంట పోతే నా డబ్బే పోతుంది. అంతకంటే పెద్ద పరీక్ష ఏముంది?

ల్యాబ్_అక్క
పోయిందని తెలుస్తుందండీ. ఎందుకు పోయిందో తెలుస్తుందా? సీడ్ వల్లా, నీటి వల్లా, మేత వల్లా, పక్క చెరువు నుంచి వచ్చిందా? పోయిన ప్రతిసారీ మనం ఒక కారణం అనుకుని ముందుకు వెళ్తాం. అది నిజమో కాదో చూసుకునే వీలు ఉండదు. మా ల్యాబ్ వాళ్లకి దీనికి ఎదురు లోపం ఉంది. రిపోర్టు ఇచ్చాక ఆ చెరువుకి ఏమైందో మాకు చాలాసార్లు తెలియదు. రైతు ఫోన్ చేసి చెబితేనే. ఒక్క మాట చెప్పమని ప్రతివాళ్లనీ బతిమాలుతుంటాను.

టైగర్_కాలం
అది ఒప్పుకుంటాను.

చీమకుర్తి_రాయి
గెలాక్సీ గ్రానైట్ క్వారీలో బ్లాకులు చూసి పాస్ చేసే పని నాది. నల్ల రాయిలో బంగారు చుక్కలు, అందరికీ తెలిసిందే. బ్లాకులో సన్న పగులు ఉంటే తెలియకుండా ఫ్యాక్టరీకి పోయి, కోతలో రెండు ముక్కలవుతుంది. మేం ఏం చేస్తామంటే, బ్లాకు మీద నీళ్లు పోసి ఆరనిస్తాం. మిగతాదంతా ఆరినా పగులున్న చోట సన్నగా తడి గీత నిలుస్తుంది. సుత్తితో కొడితే మంచి రాయి ఖంగుమంటుంది, పగులున్నది డొల్లగా పలుకుతుంది.

నేను పాస్ చేసిన బ్లాకు ఒకటి కోతలో విరిగింది. ఆ రోజు సాయంత్రమే ఫ్యాక్టరీకి వెళ్లి ముక్కలు చూశాను. పగులు ఏ వైపు నుంచి పోయిందో, నేను ఏ వైపు నీళ్లు పోయలేదో చూసుకున్నా. అప్పటి నుంచి ఆరు వైపులా చూడకుండా పాస్ చేయను. అప్పటికి నాకు పదమూడేళ్ల సర్వీసు. ఆ పదమూడేళ్లలో అంత నేర్చుకున్న రోజు ఇంకోటి లేదు.

వేరే జిల్లా ఎర్ర గ్రానైట్ చూడమని పిలిచారు. నేను వెళ్లలేదు. ఆ రాయి ఎలా పలుకుతుందో నాకు తెలియదు. రాయి రాయే కదా అంటారు. కాదు.

కావలి_వకీలు
ఎక్స్‌పర్ట్ ఎవరన్న ప్రశ్న కోర్టులకు పాతదే. 1872 సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో 39వ సెక్షన్. విదేశీ చట్టం, సైన్స్, కళ, చేతిరాత, వేలిముద్రల్లాంటి వాటిలో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాడి అభిప్రాయం కోర్టు వింటుంది. డిగ్రీ ఉండి తీరాలని అందులో లేదు.

మీకు నచ్చే కేసు ఒకటి ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో తెగులు పట్టిన ఆపిల్స్ గొడవ, 1999లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తోటల్లో లెక్కలో చూపినన్ని ఆపిల్స్ పండే అవకాశమే లేదని హార్టికల్చర్ ఆఫీసర్ సాక్ష్యం చెప్పాడు. కోర్టు దాని మీద ఆధారపడలేదు. నిపుణుడు అనిపించుకోవాలంటే ఆ విషయంలోనే ప్రత్యేకంగా చదివి ఉండాలి, లేదా ప్రత్యేక అనుభవం ఉండాలి అంది. హార్టికల్చర్ చదివినంత మాత్రాన దిగుబడి లెక్క కట్టడంలో నిపుణుడు కాడు. చీమకుర్తి ఆయన ఎర్ర గ్రానైట్‌కి వెళ్లనన్నది ఇదే.

ఆ తీర్పులో నాకు బాగా ఇష్టమైన మాట ఇంకోటి. నిపుణుడి పని తేల్చి చెప్పడం కాదు. తను చెప్పింది సరైనదో కాదో జడ్జి సొంతంగా పరీక్షించుకునేలా కొలతలు, కారణాలు ఇవ్వడం. కారణం లేని అభిప్రాయానికి కోర్టులో విలువ లేదు. గట్టుమీద_రైతు గారూ, మీ దగ్గరికి వచ్చినవాణ్ణి "ఎందుకు అలా అనుకుంటున్నారు? అది కాదని ఎలా తెలుస్తుంది?" అని క్రాస్ చేయండి. నిజంగా తెలిసినవాడు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు.

గట్టుమీద_రైతు
సార్, నేను మందు రాసిన కుర్రాణ్ణి అడిగాను, ఎందుకు అని. "మా దగ్గర ఇంతమంది వాడుతున్నారు" అన్నాడు. అప్పుడు అది కారణంలాగే అనిపించింది.

పెన్నా_ఒడ్డు
ఇంతమంది వాడుతున్నారు అంటే గుర్తొచ్చింది. 2021 మేలో కృష్ణపట్నంలో కోవిడ్ మందు కోసం నేనూ మా బావా లైన్లో నిలబడ్డాం. ఎంత జనమో మాటల్లో చెప్పలేను. మందు వాడితే హాని కనపడలేదని, కోవిడ్ తగ్గుతుందనడానికి మాత్రం రుజువు లేదని అప్పుడు చెప్పారు. కంటి చుక్కలకు ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు కూడా. మాకు రుజువు గురించి ఆలోచించే తీరిక లేదు. ఆస్పత్రుల్లో మంచాలు లేవు, మాట్లాడే మనిషి లేడు. అక్కడ మనవాడు ఒకాయన ఉచితంగా ఇస్తున్నాడు, మన భాషలో మాట్లాడుతున్నాడు. అందుకే వెళ్లాం. నమ్మకం వేరు, నైపుణ్యం వేరు అని ఈ థ్రెడ్ చదివాక అనిపిస్తోంది. తెలిసినవాళ్లు దగ్గరికి రాకపోతే దగ్గరున్నవాణ్ణే నమ్ముతాం.

మోడరేటర్
ఆ మందు పనిచేసిందా లేదా అన్న చర్చ ఇక్కడ వద్దు, ఇంతకుముందు రెండు థ్రెడ్లు మూసేయాల్సి వచ్చింది. పెన్నా_ఒడ్డు గారి ఆఖరి మాట మీద మాత్రం మాట్లాడుకోవచ్చు.

సిస్టర్_ఒంగోలు
ఆ ఆఖరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. వార్డులో చూస్తుంటాను. పెద్ద డాక్టరు రెండు నిమిషాలు నిలబడి సరైనదే చెప్పి వెళ్తాడు, పేషెంటు తరఫువాళ్లు నమ్మరు. ఆయన వెళ్లాక నన్ను అడుగుతారు, నేను అదే మాట కూర్చుని చెబితే నమ్ముతారు. తెలియడం సగం పనే. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పే ఓపిక కూడా ఆ నైపుణ్యంలో భాగమేనని నా గట్టి నమ్మకం. కొండపి గారు నాయన, చిన్నాన్నల గురించి రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను.

కందుకూరు_తెలుగుమాస్టారు
మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. చెయ్యి తిరిగిన వంటవాడు అంటాం, చెయ్యి తిరిగిన వకీలు అనం. తలపండిన వకీలు అంటాం. యుద్ధాలు చేసినవాడు కాకలు తీరినవాడు. మేత కుర్రాడికీ పెదనాన్నకీ ల్యాబ్ అక్కకీ కలిపి ఎక్స్‌పర్ట్ అని ఒకే మాట వాడడంతోనే చిక్కు వచ్చిందని నా ఉద్దేశం. పెదనాన్నది చెయ్యి తిరగడం. ల్యాబ్ అక్కది శాస్త్రం తెలియడం.

పరీక్ష లేకుండా బిరుదు ఇవ్వడం మన పద్ధతి కాదు. వేదంలో ఘనపాఠి అనిపించుకోవాలంటే మాటల్ని ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు అని తిప్పి చెప్పగలగాలి. విన్న పెద్దలు తప్పు పట్టుకుంటారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు సభలోనే కూర్చుంటారు. నిషిద్ధాక్షరి వేసే ఆయన అవధాని అక్షరం చెప్పేలోపే ఆ అక్షరం వద్దంటాడు. అంతమంది ముందు నిలబడి నెగ్గితేనే అవధాని. మాట ఇచ్చి వెళ్లిపోయి తిరిగి రాకపోతే కుదరదు.

శ్రీహరికోట_రిటైర్డ్
నేను షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, చిన్న ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందరూ నిపుణుడు తప్పు చేయకూడదన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నా. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. ఆఖరి నిమిషాల్లో కంప్యూటర్ ఆగమంది. కంట్రోల్ సిస్టమ్‌లో లీకు ఉన్నట్టు చూపించింది. పక్కనున్న నిపుణులు లెక్క చూసి, నిల్వ సరిపోతుంది, వెళ్లొచ్చు అన్నారు. కంప్యూటర్‌ని కాదని వదిలారు. మొదటి దశ బాగా పనిచేసింది, రెండో దశ అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. కలాం గారు ఈ సంగతి తానే ఎన్నో సభల్లో చెప్పారు.

ఆ రోజు విలేకరుల ముందుకు చైర్మన్ సతీష్ ధావన్ గారు వెళ్లి బాధ్యత తనమీద వేసుకున్నారు. 1980 జూలై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడడానికి కలాం గారినే పంపారు. పదకొండు నెలలు. ఆ మధ్యలో లోపం ఎక్కడో వెతికి పట్టుకున్నారు. అదే మనుషులు. మొదటి ఆగస్టులో వాళ్లు నిపుణులు కారా?

అల్లూరు_తమ్ముడు
సార్, ఇది చదివి ఒళ్లు జలదరించింది. కానీ ఒక డౌట్. వాళ్లకి ధావన్ గారు ఉన్నారు, తప్పు తనమీద వేసుకునేవాడు. రెండెకరాల రైతుకి ఎవరున్నారు? ఎక్స్‌పర్ట్ తప్పు చేసి నేర్చుకుంటాడు సరే, ఆ నేర్చుకునే ఖర్చు మనది.

శ్రీహరికోట_రిటైర్డ్
దానికి నా దగ్గర జవాబు లేదు బాబూ. న్యాయమైన ప్రశ్న.

కావలి_వకీలు
అందుకే అడిగిన ప్రతిదీ కాగితం మీద రాయించుకోమంటాను. ఏ తేదీన ఏం చూశాడు, ఏం చెప్పాడు, ఎన్నాళ్లలో ఏం మారాలి. రాయనన్నాడంటే అతని నమ్మకం ఎంతో అక్కడే తెలుస్తుంది.

గట్టుమీద_రైతు
ఆరు రోజులైంది, అప్‌డేట్ ఇస్తున్నా. పీసీఆర్ రిపోర్టు వచ్చింది. వైట్ స్పాట్ లేదు. ఈహెచ్‌పీ పాజిటివ్.

టైగర్_కాలం గారు అడిగింది కూడా కనుక్కున్నా. అదే హేచరీ సీడ్ వేసిన చెరువులు ఇంకో రెండున్నాయి. రెండింటిలోనూ ఎదుగుదల లేదు. ఒకాయన నాలాగే మందులు పోస్తున్నాడు. నా రిపోర్టు చూపించాక ఆయన కూడా శాంపిల్ పంపాడు.

మూడు రాత్రులు లేచి నాలుగు గంటలకి డీఓ చూశా. 3.1, 2.9, 3.3. పెదనాన్న చెప్పిందీ నిజమే. ఇంకో ఏరియేటర్ పెట్టాను, నిన్న 4.4 వచ్చింది. మేత తినడం కాస్త మెరుగైంది. ఈహెచ్‌పీకి నమ్మదగిన మందు లేదని ఫిషరీస్ ఆయన చెప్పాడు. ఇంకా మేత పోసి లాభం లేదు, వచ్చే వారం పట్టుబడి చేసేస్తున్నా, ఉన్న రొయ్యల్ని పట్టి అమ్మేస్తా. ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లి మొదటిసారి నేను మాట్లాడిన తీరుకి క్షమాపణ అడిగాను. ఈసారి 500 తీసుకోలేదు.

ల్యాబ్_అక్క
పట్టుబడి అయ్యాక తొందరపడి మళ్లీ సీడ్ వేయొద్దు. ఈహెచ్‌పీ స్పోర్లు (గింజల్లాంటివి) మట్టిలో ఉండిపోతాయి. చెరువు బాగా ఎండబెట్టి, కాల్చిన సున్నం వేసి దున్ని, కొద్దిగా తడి చేయాలి. మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కాలి. హెక్టారుకి 6 టన్నులు చెబుతారు. ఖర్చుతో కూడుకున్నదే. తక్కువ వేస్తే వేయనట్టే. మీ పంట బరువు ఎంత వచ్చిందో మాత్రం నాకు చెప్పండి.

గట్టుమీద_రైతు
తప్పకుండా చెబుతా అక్కా. ఫోటో కూడా పెడతా.

టైగర్_కాలం
అమ్మాయ్, ఒకటి అడుగుతా. ఈ పరీక్ష సీడ్ కొనేముందే చేయించుకోవచ్చా? చెరువులో వేశాక తెలుసుకుని ఏం లాభం. వచ్చే నెల నేను రెండు చెరువులకి తెస్తున్నా.

ల్యాబ్_అక్క
చేయించుకోవచ్చండీ, చేయించుకోవాలి కూడా. హేచరీలో వేర్వేరు ట్యాంకుల నుంచి ఒక నూటయాభై పిల్లల్ని తీయించి తీసుకురండి. ఒకే ట్యాంకు నుంచి కాదు. పొద్దున ఇస్తే సాయంత్రానికి చెబుతాం.

టైగర్_కాలం
ఆదివారం తెరిచి ఉంటారా?